పెద్దవాళ్ళకి ఆపరేషన్ తర్వాత మతి తప్పకుండా ముందే ఏం చేయాలి? (తుంటి ఆపరేషన్, వైజాగ్)

పెందుర్తి_పెద్దకోడలు • ఆదివారం సాయంత్రం 6:20

అందరికీ నమస్కారం. మా అత్తయ్యగారికి 79 ఏళ్ళు. నిన్న పొద్దున్న బాత్‌రూమ్‌లో జారి పడ్డారు, ఎడమ తుంటి ఎముక విరిగింది. ఆరిలోవ వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం. ఆపరేషన్ రేపు మధ్యాహ్నం అన్నారు. బీపీ, షుగర్ ఉన్నాయి. చెవి మెషీన్ లేకపోతే పక్కన నిలబడి పిలిచినా వినపడదు. గుండె పరీక్షలు బాగానే వచ్చాయి కాబట్టి ఆపరేషన్ గురించి నాకు అంత భయం లేదు. ఆ తర్వాత సంగతే టెన్షన్‌గా ఉంది.

మా పక్కింటి తాతగారికి హెర్నియా ఆపరేషన్ అయిన మర్నాడు రాత్రి, సెలైన్ సూది పీకేసుకుని, ఎప్పుడో పోయిన భార్యని పేరు పెట్టి పిలుస్తూ, ఆపడానికి వచ్చిన నర్సమ్మ మీద చెయ్యెత్తారు. అంతకు ముందు రోజు వరకూ పేపర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే మనిషి. గాలి సోకిందని కొందరు, మత్తు ఎక్కువైందని ఇంకొందరు అన్నారు. మా అత్తయ్యగారికి అలా జరగకుండా మేం ముందే చేయగలిగింది ఏమన్నా ఉందా? డాక్టర్ గారిని ఏం అడగాలి?

మద్దిలపాలెం_నర్సు • ఆదివారం సాయంత్రం 6:55

ఉందమ్మా, చాలా ఉంది. నేను ఎముకల వార్డులో ఏళ్ళ తరబడి చేశాను. ముందుగా ఒక్క పని చేయండి. చెవి మెషీన్‌కి, కళ్ళజోడుకి, పళ్ళ సెట్టుకి మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి తీసుకుని, పైన ప్లాస్టర్ అంటించి పేరు, బెడ్ నంబరు రాయండి. థియేటర్‌లోకి తీసుకెళ్ళే ముందు ఇవన్నీ తీసేస్తారు. ఆ హడావుడిలో ఎవరో చీర కొంగులో మూటకడతారు, లేకపోతే దిండు కింద పెడతారు. మర్నాడు దుప్పట్లతో పాటు అవీ లాండ్రీకి పోతాయి. కళ్ళు సరిగ్గా కనపడక, చెవులు వినపడక, నోట్లో పళ్ళు లేక మాట స్పష్టంగా రాక, తెలియని గదిలో మెలకువ వస్తే ఎవరికైనా బెదురే కదా. మీ అత్తగారిని రికవరీ గది (ఆపరేషన్ అవగానే కాసేపు ఉంచే గది) నుంచి బయటికి తెచ్చిన వెంటనే, ఇంకా మగతలో ఉన్నా సరే, మెషీన్ పెట్టేయమని అక్కడి సిస్టర్‌ని అడగండి. కొత్త బ్యాటరీలు రెండు దగ్గర పెట్టుకోండి.

కిటికీ పక్క మంచం దొరికితే అడగండి. ఇంట్లో ఉన్న తెలుగు గోడ క్యాలెండర్ తీసుకెళ్ళి కనపడేలా తగిలించండి, పెద్ద ముల్లుల గడియారం కూడా. మిగిలినవి రాత్రికి రాస్తాను, ఇప్పుడు డ్యూటీకి వెళ్ళాలి.

గాజువాక_తమ్ముడు • ఆదివారం రాత్రి 7:30

అక్కా, వయసు మీద పడితే ఇది మామూలేనని మా డాక్టర్ చెప్పాడు. మన చేతిలో ఏముంటుంది?

ఆరిలోవ_మత్తుడాక్టర్ • ఆదివారం రాత్రి 8:10

తమ్ముడూ, వయసు ఒక కారణమే కానీ అది ఒక్కటే కాదు. ఇది డెలీరియం. గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో మొదలవుతుంది, పొద్దున్న బాగుండి సాయంత్రానికి ముదురుతుంది, మనిషి దేని మీదా ధ్యాస నిలపలేడు. నెలలు, ఏళ్ళ మీద మెల్లగా వచ్చే మతిమరుపు వేరు. అయితే అప్పటికే మతిమరుపు ఉన్నవాళ్ళకి డెలీరియం ఇంకా తేలికగా వస్తుంది.

మెదడుకి తట్టుకునే శక్తి తక్కువగా ఉన్న మనిషి మీద ఒకేసారి నాలుగైదు దెబ్బలు పడితే వస్తుంది: నొప్పి, నిద్రలేమి, ఒంట్లో నీళ్ళు తగ్గడం, ఇన్‌ఫెక్షన్, ఆక్సిజన్ తగ్గడం, రక్తం పోవడం, సోడియం పడిపోవడం, మలబద్ధకం, మూత్రం బిగబట్టడం, కొన్ని మందులు. వయసు మనం మార్చలేం, మిగిలినవాటిలో చాలావరకు మార్చగలం. డెలీరియం కేసుల్లో 30 నుంచి 40 శాతం నివారించదగినవేనని ఈ రంగంలో పనిచేసేవాళ్ళ అంచనా.

దీనికి గట్టి రుజువు 1999లో వచ్చింది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో షారన్ ఇనోయె అనే వైద్యురాలి బృందం 70 దాటిన 852 మంది రోగుల మీద చూసింది. మామూలు వైద్యం అందినవాళ్ళలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, వాళ్ళ పద్ధతి పాటించిన వార్డులో 9.9 శాతానికి తగ్గింది. కొత్త మందేదీ లేదు. రోజూ ఇది ఏ ఊరు, ఏ వారం అని గుర్తు చేయడం, నడిపించడం, కళ్ళజోడు, చెవి మెషీన్ పెట్టడం, నీళ్ళు తాగించడం, నిద్ర బిళ్ళ బదులు రాత్రి వేడిపాలు ఇచ్చి వీపు మర్దన చేయడం, అంతే. ఆ పనులకి వాళ్ళు శిక్షణ ఇచ్చిన వలంటీర్లను పెట్టుకోవాల్సి వచ్చింది. మన దగ్గర ప్రతి మంచం పక్కా ఒక కూతురో కోడలో మనవడో ఎలాగూ కూర్చునే ఉంటారు. ఆ మనిషికి ఏం చేయాలో చెప్పేవాళ్ళు లేరు, అదొక్కటే లోటు. నేను ఈ చర్చలోకి వచ్చింది అందుకే.

పెద్దకోడలు గారూ, ఆవిడ రోజూ వేసుకునే మందులన్నీ ఇక్కడ రాయండి. నిద్ర బిళ్ళ ఉంటే తప్పకుండా చెప్పండి.

పెందుర్తి_పెద్దకోడలు • ఆదివారం రాత్రి 8:40

డాక్టర్ గారూ, చాలా థ్యాంక్స్. షుగర్‌కి మెట్‌ఫార్మిన్. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బిళ్ళ. రాత్రిళ్ళు అల్‌ప్రజోలం 0.25, మావయ్యగారు పోయినప్పటి నుంచీ వేసుకుంటున్నారు. జలుబు చేస్తే షాపులో బిళ్ళ తెప్పించుకుంటారు, పోయిన వారమంతా వేసుకున్నారు. అల్‌ప్రజోలం సంగతి ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. అది మందు కిందకి వస్తుందని ఇంట్లో ఎవరూ అనుకోరు.

ఆరిలోవ_మత్తుడాక్టర్ • ఆదివారం రాత్రి 8:55

ఈ రాత్రికే చెప్పండి. డ్యూటీ డాక్టర్‌కి చెప్పి కేస్ షీట్‌లో రాయించండి. అల్‌ప్రజోలం లాంటి బిళ్ళలు పెద్దవాళ్ళలో డెలీరియం తెస్తాయి, నిజమే. కానీ ఏళ్ళ తరబడి వేసుకున్నదాన్ని ఒక్కసారిగా ఆపేసినా వణుకు, కలవరం, ఒక్కోసారి మూర్ఛ కూడా వస్తాయి. ఈ రెండు రోజుల్లో ఆపకూడదు, కొత్తది జతచేయకూడదు. తగ్గించడం తర్వాత ఎప్పుడో, ఇంటికెళ్ళాక, నెమ్మదిగా.

రేపు మత్తు డాక్టర్ చూడ్డానికి వచ్చినప్పుడు మూడు సంగతులు అడగండి. గజ్జ దగ్గర నరానికి బ్లాక్ ఇంజెక్షన్ ఇవ్వగలరా అని అడగండి. తుంటి విరిగినవాళ్ళకి దాంతో నొప్పి బాగా తగ్గుతుంది, మార్ఫిన్ జాతి మందుల అవసరం తగ్గుతుంది. ఉపవాసం ఎంతసేపో అడగండి. రాత్రి పన్నెండు నుంచి మంచినీళ్ళు కూడా ముట్టొద్దనడం పాత అలవాటు. మామూలుగా భోజనానికి 6 గంటల ముందు, వట్టి నీళ్ళకి 2 గంటల ముందు ఆపితే చాలు. పాలు, పాలు కలిపిన టీ భోజనం లెక్కలోకే వస్తాయి. షుగర్ ఉంది కాబట్టి మీ డాక్టర్ మాటే ఫైనల్. మూడోది, మిడజోలం లాంటి మత్తు ముందుగా ఇవ్వకుండా కుదురుతుందా అని. ఇవి అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. నన్ను అడిగితే నేను సంతోషిస్తాను.

గోపాలపట్నం_మందులషాపు • ఆదివారం రాత్రి 9:30

జలుబు బిళ్ళ అన్నారు కాబట్టి నేను రాయాలి. మా కౌంటర్లో రోజూ వెళ్ళే జలుబు బిళ్ళల్లో ఎక్కువవాటిలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. పడుచువాళ్ళకి కాస్త మత్తుగా ఉంటుందంతే. 75 దాటినవాళ్ళకి నోరు ఎండిపోతుంది, మూత్రం ఆగుతుంది, మతి తడబడుతుంది. దురదకి వాడే హైడ్రాక్సిజైన్, దగ్గు మందుల్లో ఉండే ప్రోమెథజైన్, కాళ్ళ మంటలకి డాక్టర్లు ఇచ్చే అమిట్రిప్టిలిన్ బిళ్ళ, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, కడుపు నొప్పికి వాడే డైసైక్లోమిన్, వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్, ఇవన్నీ ఒకే తానులో గుడ్డలు. అమెరికాలో వృద్ధుల వైద్యుల సంఘం పెద్దవాళ్ళకి ఇవ్వకపోవడం మంచిదని పెట్టుకున్న బీర్స్ జాబితాలో ఇవి ఉంటాయి. ఒకటి వేసుకుంటే పెద్దగా తెలియకపోవచ్చు. రెండు మూడు కలిస్తే ప్రమాదం.

చీటీ కంటే స్ట్రిప్పులే మేలు. ఇంట్లో ఆవిడ మంచం పక్కనున్న బిళ్ళలన్నీ, సగం వాడినవీ, ఆయుర్వేదమైనా నిద్ర మందైనా, ఒకే కవర్లో వేసి డాక్టర్ ముందు గుమ్మరించండి.

ఎంవీపీకాలనీ_రిటైర్డ్‌మాస్టారు • ఆదివారం రాత్రి 9:50

డాక్టర్ గారూ, ఒక సందేహం. పూర్తి మత్తు ఇస్తే జ్ఞాపకశక్తి పోతుందనీ, వెన్నులో సూది ఇస్తే ఆ బాధ ఉండదనీ నా మిత్రులందరూ అంటారు. నాకూ మోకాలి ఆపరేషన్ చెప్పారు. స్పైనల్ కోసమే పట్టుబట్టాలా?

ఆరిలోవ_మత్తుడాక్టర్ • ఆదివారం రాత్రి 10:15

మాస్టారూ, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. 2021లో రీగెయిన్ అనే పెద్ద అధ్యయనం వచ్చింది. తుంటి విరిగిన 1600 మందిని రెండు గుంపులు చేసి ఒక గుంపుకి స్పైనల్, రెండో గుంపుకి పూర్తి మత్తు ఇచ్చారు. డెలీరియం రెండింటిలోనూ ఇంచుమించు 20 శాతమే, తేడా లేదు. అది తుంటి విరిగినవాళ్ళ మీద చేసింది, మీది మోకాలు. అయినా నా ఉద్దేశంలో ఏ మత్తు అన్నదాని కంటే మత్తుకి ముందూ తర్వాతా ఏం జరుగుతుందన్నదే ముఖ్యం. స్పైనల్ ఇచ్చి పైన నిద్రమత్తు ఇంజెక్షన్లు ఎక్కువగా ఇస్తే లాభం ఏముంది? బీపీ పడిపోకుండా చూడటం, మత్తు అవసరానికి మించి లోతుగా పోకుండా చూడటం మా పని. మీ గుండె, ఊపిరితిత్తులు, వెన్ను చూసి ఏది మంచిదో మీ డాక్టర్ చెప్తారు. పట్టుబట్టొద్దు.

మద్దిలపాలెం_నర్సు • ఆదివారం రాత్రి 11:40

ఇప్పుడు కాస్త తీరిక దొరికింది. అటెండెంట్ ఏం చేయాలో రాస్తాను.

అటెండెంట్లని పూటకొకరు చొప్పున మార్చొద్దు. బాగా తెలిసినవాళ్ళు ఇద్దరు, పగలు ఒకరు, రాత్రి ఒకరు. చుట్టాలందరూ బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకుని ఒకేసారి దిగుతారు. పదిమంది చుట్టూ నిలబడి ఎవరి కబుర్లు వాళ్ళు చెప్పుకుంటుంటే ఆవిడ తల తిరిగిపోతుంది. ఇంటికొచ్చాక రమ్మనండి. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగారు, ఎంత తిన్నారు, మూత్రం, విరేచనం, ఎంతసేపు పడుకున్నారు, ఎప్పుడైనా మాట తేడాగా వచ్చిందా, టైమ్ వేసి రాయండి. రౌండ్స్‌కి డాక్టర్ వచ్చినప్పుడు ఆ బుక్కు చూపించండి. మా షిఫ్టులు మారిపోతాయి, ఆవిడ నిన్న ఎలా ఉన్నారో ఇవాళ్టి సిస్టర్‌కి తెలియదు. మీ బుక్కుకి తెలుస్తుంది.

పొద్దున్నే కర్టెన్లు తీసేయండి. మొహం కడిగి, తల దువ్వి, బొట్టు పెట్టండి. "అత్తయ్యా, ఇవాళ మంగళవారం, మనం ఆరిలోవలో ఆసుపత్రిలో ఉన్నాం, నిన్న మీ కాలికి ఆపరేషన్ అయింది" అని మామూలుగా చెప్పండి. పరీక్ష పెట్టినట్టు అడగొద్దు. ఇంటి సంగతులు మాట్లాడండి. సింహాచలం చందనోత్సవానికి ఎవరెవరు వెళ్ళారో, కొబ్బరి చెట్టుకి కాయలెన్నున్నాయో. పగలు ఎక్కువసేపు పడుకోనివ్వకండి. రాత్రి పదికల్లా లైటు తీయించి, ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. టీవీ వద్దు. అర్ధరాత్రి బీపీ, టెంపరేచర్ చూడటం తప్పనిసరి కాకపోతే పొద్దున్నకి వాయిదా వేయగలరేమో సిస్టర్‌ని మెల్లగా అడగండి.

ఆపరేషన్ అయ్యాక నొప్పి ఉందా అని అడిగితే "పర్లేదమ్మా" అంటారు మన పెద్దవాళ్ళు. మొహం చూడండి, పక్కకి తిప్పితే పళ్ళు బిగిస్తున్నారేమో చూడండి. నొప్పి ఓర్చుకుంటే మతి తప్పదని కాదు, ఓర్చుకోవడం వల్లే తప్పుతుంది. పారాసిటమాల్ అడిగినప్పుడు కాకుండా టైముకి వేసేలా రాయించుకోవచ్చు.

యూరిన్ పైపు ఎప్పుడు తీస్తారని రోజూ అడగండి. అవసరం లేని పైపు ప్రతిదీ మనిషిని మంచానికి కట్టేసినట్టే.

గాజువాక_తమ్ముడు • సోమవారం ఉదయం 7:15

సిస్టర్, కట్టేయడం అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా అమ్మమ్మ ఒక ఆసుపత్రిలో, పేరు రాయను, ఆపరేషన్ తర్వాత కేకలు పెడుతోందని చేతులు రెండూ గాజుగుడ్డతో మంచానికి కట్టేశారు. మేం వెళ్ళేసరికి మణికట్లు కమిలిపోయి ఉన్నాయి. "తమ్ముడూ, దొంగలు పట్టుకున్నారు, విప్పరా" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆమె ఇంటికొచ్చాక కూడా చాలాకాలం రాత్రిళ్ళు చేతులు దాచుకుని పడుకునేది. ఇలా కట్టొచ్చా? మేం ఒప్పుకోకపోతే ఏమవుతుంది?

మద్దిలపాలెం_నర్సు • సోమవారం ఉదయం 7:50

నాయనా, చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. కడితే డెలీరియం పెరుగుతుంది. పెనుగులాటలో కిందపడి దెబ్బలు కూడా తగులుతాయి. ఊపిరి గొట్టం లాంటిది పీకేసుకుంటే ప్రాణం మీదికొచ్చే చోట ఐసీయూలో కొద్దిసేపు తప్పకపోవచ్చు, అదీ డాక్టర్ రాసి, గంట గంటకీ చూసుకుంటూ. వార్డులో మాత్రం "నేను పక్కనే కూర్చుంటాను, కట్టొద్దు" అని అడిగే హక్కు మీకుంది. సెలైన్ సూది మీద క్రేప్ బ్యాండేజీ చుట్టి కనపడకుండా చేస్తే సగం పీకుళ్ళు ఆగుతాయి. చేతికి ఏదో ఒక పని ఇవ్వండి, మడత పెట్టడానికి తువ్వాలు, తిప్పడానికి జపమాల.

గోడ మీద చీమలున్నాయి, ఎవరో నిలబడ్డారు అంటే వాదించకండి. అవునని వంత పాడకండి. "నాకు కనపడటం లేదు, కానీ నేనిక్కడే ఉన్నాను, ఏం కాదు" అనండి చాలు.

ఆరిలోవ_మత్తుడాక్టర్ • సోమవారం ఉదయం 8:05

మనిషిని శాంతపరచడానికి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందు సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. రోగి బాగా భయపడిపోయి, తనకో ఇతరులకో హాని చేసే స్థితిలో ఉంటే, మిగతావేవీ పనిచేయకపోతే, కొద్ది మోతాదులో కొద్ది రోజులు ఇస్తాం. పార్కిన్సన్స్ (వణుకు జబ్బు) ఉన్నవాళ్ళకి ఇవ్వం. డెలీరియం రాకుండా ముందే అందరికీ ఇచ్చేది మాత్రం కాదు.

భీమిలి_పెద్దమ్మ • సోమవారం ఉదయం 9:20

మీరందరూ చదువుకున్నవాళ్ళు. మా ఊళ్ళో ఇలాంటప్పుడు దిష్టి తీస్తాం, సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంటాం. అదీ తప్పంటారా?

ఆరిలోవ_మత్తుడాక్టర్ • సోమవారం ఉదయం 9:45

తప్పెందుకమ్మా. అప్పన్న స్వామి ఫోటో మంచం దగ్గర పెట్టండి. కళ్ళు తెరవగానే తెలిసిన మొహం కనపడితే ధైర్యం. నేను కోరేది ఒక్కటే. గాలి సోకిందనుకుని ఇంట్లోనో వార్డులోనో రోజంతా గడిపేయకండి. మతి తేడా కనపడిన గంటలోనే డాక్టర్‌కి చెప్పండి, దాని వెనక ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు, గుండె జబ్బు ఉండొచ్చు.

అక్కయ్యపాలెం_కొడుకు • సోమవారం ఉదయం 11:10

చిన్న ప్రశ్న, వేరే విషయం. మా నాన్నకి వచ్చే నెల ప్రోస్టేట్ ఆపరేషన్. రోజూ సాయంత్రం మద్యం తీసుకుంటారు. అమ్మకి ఎవరికైనా చెప్పడం నామోషీ. చెప్పకపోతే ఏమవుతుంది?

ఆరిలోవ_మత్తుడాక్టర్ • సోమవారం ఉదయం 11:25

చెప్పండి, ఎంత తాగుతారో ఉన్నదున్నట్టు. రోజూ తాగేవాళ్ళకి హఠాత్తుగా ఆగితే రెండు మూడు రోజుల్లో వణుకు, చెమటలు, కలవరింతలు మొదలవుతాయి. సరిగ్గా ఆపరేషన్ అయి వార్డులో ఉన్న సమయం. దాని వైద్యం వేరే. అక్కడ నేను పైన వద్దన్న అల్‌ప్రజోలం, మిడజోలం జాతి మందులే ఇవ్వాల్సి వస్తుంది, బి1 విటమిన్ ఇంజెక్షన్లు కూడా. నెల టైమ్ ఉంది కాబట్టి ముందే కలవండి. అమ్మగారి ముందు అడగొద్దని డాక్టర్‌కి చెప్తే నాన్నగారిని విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు.

పెందుర్తి_పెద్దకోడలు • సోమవారం రాత్రి 9:05

ఆపరేషన్ బాగా జరిగింది. నిద్ర బిళ్ళ సంగతి రాత్రే చెప్పాను, కేస్ షీట్‌లో రాశారు. గజ్జ దగ్గర బ్లాక్ ఇచ్చారు. పొద్దున్న వరకూ నీళ్ళు తాగనిచ్చారు. రికవరీలోనే చెవి మెషీన్ పెట్టారు. నన్ను చూసి "పాలవాడు వచ్చాడా" అని అడిగారు, నవ్వుకున్నాం. మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు.

సీతమ్మధార_ఫిజియో • సోమవారం రాత్రి 9:40

సంతోషం అండి. రేపే లేపి కూర్చోబెట్టాలి, వీలైతే వాకర్ పట్టుకుని నిలబెట్టాలి. బ్రిటన్‌లో వైద్యానికి ప్రమాణాలు పెట్టే నైస్ అనే సంస్థ మార్గదర్శకాల్లో కూడా తుంటి ఆపరేషన్ అయిన మర్నాడే నడిపించడం మొదలుపెట్టాలని ఉంది. కుట్లు ఊడతాయని మనవాళ్ళు భయపడి "పాపం పడుకోనివ్వండి" అంటారు. పడుకునే కొద్దీ నెమ్ము చేరుతుంది, కాళ్ళలో బలం పోతుంది, పగలూ రాత్రీ కలిసిపోతాయి. అన్నం మాత్రం మంచం మీద పెట్టొద్దు. కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళు నేలకి ఆనేలా చేసి, కంచం ముందు పెట్టండి. కాలు మీద ఎంత బరువు వేయొచ్చో సర్జన్‌ని అడిగి అది కూడా నోటుబుక్కులో రాసుకోండి. ఇంటి నుంచి ఆవిడ రోజూ వేసుకునే, జారని చెప్పులు తెప్పించండి.

పెందుర్తి_పెద్దకోడలు • బుధవారం ఉదయం 6:30

నిన్న వాకర్‌తో రెండడుగులు వేశారు, ఇడ్లీ తిన్నారు. సాయంత్రం నుంచి మాత్రం చాలా నెమ్మదిగా ఉన్నారు. అరవడం, పీకుకోవడం ఏమీ లేదు. పిలిస్తే కళ్ళు తెరుస్తారు, ఊఁ అంటారు, మళ్ళీ మూసేస్తారు. అన్నం నోట్లో పెడితే నమలకుండా అలాగే ఉంచుకున్నారు. మా ఆడపడుచు "ఎంత బుద్ధిగా పడుకుందో అమ్మ, నొప్పి తగ్గింది" అంటోంది. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు.

ఆరిలోవ_మత్తుడాక్టర్ • బుధవారం ఉదయం 6:42

మీ మనసు చెప్పేది కరెక్ట్. రౌండ్స్ వరకూ ఆగొద్దు, ఇప్పుడే డ్యూటీ డాక్టర్‌ని పిలవండి. అరిచేవాళ్ళని అందరూ చూస్తారు. ఇలా మూలకి ఒదిగిపోయి, మగతగా, తిండి మానేసి ఉండేది కూడా డెలీరియమే. పెద్దవాళ్ళలో ఎక్కువగా కనపడేది ఇదే, ఎక్కువగా దాటిపోయేదీ ఇదే.

డాక్టర్ వచ్చేలోగా ఒకటి చేయండి. చెవి మెషీన్ ఉందో లేదో చూసి, ఫాల్గుణం నుంచి వెనక్కి నెలలు చెప్పమనండి. ఇంగ్లీషు నెలల కంటే మన పెద్దావిడలకి ఇవే నోటికి వస్తాయి. రాకపోతే వారాలు వెనక్కి. ఎక్కడ ఆగిపోయారో డాక్టర్‌తో చెప్పండి. సోడియం, ఆక్సిజన్, షుగర్, రక్తం శాతం చూడమనండి. మూత్రం పూర్తిగా పోతోందా, విరేచనం ఎప్పుడైంది, ఇవీ చెప్పండి. నొప్పికి ఏ ఇంజెక్షన్ ఇస్తున్నారో కూడా అడగండి.

పెందుర్తి_పెద్దకోడలు • బుధవారం మధ్యాహ్నం 1:15

ఫాల్గుణం, మాఘం అన్నారు, తర్వాత మళ్ళీ మాఘం అని ఆగిపోయారు. రోజూ పంచాంగం చూసే మనిషి. డ్యూటీ డాక్టర్ వెంటనే రక్తం తీయించారు. సోడియం 124 వచ్చింది. ఆపరేషన్ ముందు 133 ఉందట. నొప్పికి ట్రామడాల్ ఇంజెక్షన్ ఇస్తున్నారు. బీపీ బిళ్ళ మామూలుగానే నడుస్తోంది. జారి పడిన రోజు నుంచీ విరేచనం లేదు. ఇప్పుడు ట్రామడాల్ ఆపారు, బీపీ బిళ్ళ మార్చారు, ఫిజీషియన్ వచ్చి చూశారు. సోడియం మెల్లగా పెంచుతామన్నారు. మా ఆయన "ఎందుకు మెల్లగా, గబగబా ఎక్కించొచ్చు కదా" అని గొడవ.

గోపాలపట్నం_మందులషాపు • బుధవారం మధ్యాహ్నం 1:40

ఆ బీపీ బిళ్ళలో ఉన్న హైడ్రోక్లోరోథయజైడ్ సోడియం తగ్గిస్తుంది, పెద్దవాళ్ళలో మరీను. ట్రామడాల్ కూడా సోడియం తగ్గించగలదు, మగత, కలవరం సరేసరి. రెండూ ఒకచోట కలిశాయి.

ఆరిలోవ_మత్తుడాక్టర్ • బుధవారం మధ్యాహ్నం 2:05

మీవారికి చెప్పండి, మెల్లగా అన్నవాళ్ళు సరిగ్గా చేస్తున్నారు. సోడియం మామూలుగా 135 నుంచి 145 ఉండాలి. పడిపోయినదాన్ని ఒక్కసారిగా పైకి లాగితే మెదడులో నరాల పొర దెబ్బతింటుంది, అది మళ్ళీ మామూలు కాకపోవచ్చు. అందుకే కొన్ని గంటలకొకసారి రక్తం చూస్తూ పెంచుతారు. మాటిమాటికీ సూది గుచ్చుతున్నారని విసుక్కోకండి. విరేచనానికి మందు ఇవ్వమని గుర్తు చేయండి.

ఇంకొక మాట. 2001లో బోస్టన్‌లో తుంటి విరిగిన 126 మంది పెద్దవాళ్ళ మీద ఒక అధ్యయనం జరిగింది. వృద్ధుల వైద్యుడు మొదటి రోజు నుంచే రోజూ వచ్చి ఇవే చూసేవాడు, ఆక్సిజన్, లవణాలు, నొప్పి, మందులు, మలబద్ధకం, నిద్ర. డెలీరియం 50 శాతం నుంచి 32 శాతానికి తగ్గింది. వైజాగ్‌లో ప్రతి ఎముకల వార్డుకీ ఒక ఫిజీషియన్ మొదటి రోజు నుంచే రావాలని అడగాల్సింది మనమే. కేజీహెచ్ అయినా విమ్స్ అయినా ప్రైవేటు అయినా, అడిగేవాళ్ళు పెరిగితే అలవాటు అవుతుంది.

బీచ్‌రోడ్డు_వాకర్ • బుధవారం సాయంత్రం 5:30

ఐసీయూలో ఉంటే ఎలా? మా అన్నయ్యకి బైపాస్ అయింది. లోపలికి పొద్దున్న పావుగంట, సాయంత్రం పావుగంట మాత్రమే పంపిస్తారు. లోపల ఎప్పుడూ ఒకే లైటు, పగలో రాత్రో తెలియదు.

మద్దిలపాలెం_నర్సు • బుధవారం రాత్రి 8:20

ఆ పావుగంట ఏడవడానికి, సలహాలకి వాడకండి అన్నా. కళ్ళజోడు పెట్టండి, చెయ్యి పట్టుకోండి, ఇవాళ ఏ వారమో, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారో చెప్పండి. ఇంటివాళ్ళ ఫోటో పెద్దది ఒకటి మంచం కడ్డీకి కట్టమని సిస్టర్‌ని అడగండి. గోడ గడియారం ఆయనకి కనపడే వైపు ఉందో లేదో చూడండి, కొన్నిచోట్ల అది తల వెనక ఉంటుంది. ఇంట్లో ఆయన్ని ఏమని పిలుస్తారో లోపలి స్టాఫ్‌కి రాసి ఇవ్వండి. "పేషెంట్, పేషెంట్" అని పిలిస్తే పలకని మనిషి, అలవాటైన పిలుపుకి కళ్ళు తెరుస్తారు. మతి తేడాగా ఉందని మీకు అనిపిస్తే, ఇంకో పూట పక్కన కూర్చోనివ్వమని డాక్టర్‌ని అడగండి. ఒప్పుకునేవాళ్ళు ఉన్నారు.

పెందుర్తి_పెద్దకోడలు • శుక్రవారం రాత్రి 8:50

సోడియం 131కి వచ్చింది. ఈ సాయంత్రం నన్ను పిలిచి, "ఆ పిల్లకి చెప్పు, సాంబారులో ఉప్పు లేదని" అన్నారు. పైపు తీసేశారు. ఫాల్గుణం నుంచి చైత్రం దాకా వెనక్కి ఆగకుండా చెప్పేశారు, ఎందుకడుగుతున్నానో అర్థంకాక నన్ను వింతగా చూశారు. రాత్రిళ్ళు మాత్రం ఇంకా కాస్త తికమకగా ఉంది, రెండుసార్లు ఇది మా పెందుర్తి ఇల్లే అనుకున్నారు. సోమవారం డిశ్చార్జి అంటున్నారు. ఇంటికెళ్ళాక ఏం చూసుకోవాలి? ఇది మతిమరుపుగా మారుతుందా?

ఆరిలోవ_మత్తుడాక్టర్ • శుక్రవారం రాత్రి 9:30

చాలా సంతోషం. రాత్రి తికమక ఇంకొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు ఉండొచ్చు. సొంత గది, సొంత మంచం దొరికితే చాలామంది తేరుకుంటారు. డెలీరియం వచ్చినవాళ్ళకి తర్వాతి కాలంలో మతిమరుపు వచ్చే అవకాశం ఎక్కువన్నది నిజం. అందుకని ఇప్పుడే ఆ ముద్ర వేయొద్దు. కొన్ని నెలలాగి, పూర్తిగా కోలుకున్నాక ఒకసారి జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి. డిశ్చార్జి సమ్మరీలో "ఆపరేషన్ తర్వాత డెలీరియం, సోడియం తక్కువ" అని రాయించుకోండి. మళ్ళీ ఎప్పుడు ఏ ఆపరేషన్‌కి వెళ్ళినా, కంటి శుక్లం అయినా సరే, ఆ కాగితం ముందు చూపించాలి.

గోపాలపట్నం_మందులషాపు • శుక్రవారం రాత్రి 9:55

డిశ్చార్జి చీటీ చేతికొచ్చాక ప్రతి మందు పక్కనా ఎప్పటివరకు అని రాయించండి. ఆసుపత్రిలో రెండు రోజులకి మొదలుపెట్టిన బిళ్ళని ఇంటి దగ్గర ఏడాది తర్వాత కూడా అదే చీటీతో కొనుక్కెళ్ళేవాళ్ళని రోజూ చూస్తున్నాను. పాత బీపీ బిళ్ళ ఇంట్లో మిగిలి ఉంటే తీసేయండి, లేకపోతే ఆవిడ అలవాటుగా అదే వేసేసుకుంటారు. వారం తర్వాత సోడియం మళ్ళీ చూపించాలేమో అడగండి. జలుబు చేస్తే షాపుకి ఎవర్నీ పంపకండి, ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి.

సీతమ్మధార_ఫిజియో • శుక్రవారం రాత్రి 10:10

ఆదివారంలోగా ఇంట్లో బాత్‌రూమ్‌లో పట్టుకునే రాడ్డు, మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రి వెలిగే చిన్న లైటు పెట్టించండి. కమోడ్ ఎత్తు పెంచే సీటు మందుల షాపుల్లో దొరుకుతుంది. కొలత కావాలంటే ఆవిడ మోకాలి ఎత్తు చెప్పండి, నేను చూసి చెప్తాను.

పెందుర్తి_పెద్దకోడలు • శుక్రవారం రాత్రి 10:25

మోకాలి ఎత్తు రేపు పొద్దున్న కొలిచి ఇక్కడ పెడతాను. ప్లంబర్‌ని శనివారం రమ్మన్నాం.